తపస్సు కాలంలో మీ వాడలో సిలువ మార్గం నడిపించాలా? ఇలా చేయండి

ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలానికి మొదటి రోజైన విభూది బుధవారం పూజ (మాస్) అయ్యాక ప్రకటనల్లో ఫాదర్ గారు "ఈ ఏడాది శుక్రవారం సిలువ మార్గం వారానికో వాడలో" అని చెప్పి, ఆ లిస్టులో మీ యూనిట్ (మీ వాడ కుటుంబాల గుంపు) పేరు కూడా చదివారంటే ఇంటికొచ్చేలోపే టెన్షన్ మొదలవుతుంది. సిలువ మార్గం అంటే యేసు శ్రమల్లోని 14 ఘట్టాల (స్థలాల) దగ్గర ఆగుతూ చేసే జపం. గుడి లోపల అయితే ఆ 14 స్థలాలూ ఎప్పటినుంచో గోడలకే ఉంటాయి, ఉపదేశి గారు పుస్తకం తెరిచి మొదలుపెడితే మిగతాది దానంతటదే నడిచిపోతుంది. వీధిలో అలా కాదు. అక్కడ కుక్కలు, బైకులు, తలకి తగిలే కేబుల్ వైర్లు, గాలికి ఆరిపోయే కొవ్వొత్తులు, ముందున్న పదిమందికి తప్ప ఎవరికీ వినపడని మైకు. ఇవన్నీ ముందే ఆలోచించుకుంటే పెద్ద కష్టమేమీ కాదు, కాకపోతే ఒక పద్ధతి పెట్టుకోండి: ఏ నిర్ణయమైనా ముందు వరుసలో సిలువ పట్టుకున్న కుర్రాడి వైపు నుంచి కాకుండా, అందరికన్నా వెనక కర్ర పట్టుకుని వచ్చే మామ్మ గారి వైపు నుంచి చూసి తీసుకోండి. ఆవిడకి వినపడుతుందా, ఆవిడ నడవగలదా, ఆవిడ నోరు జపంలో కలుస్తుందా. మన విచారణల్లో (పారిష్‌లలో) వీధిలో చేసే సిలువ మార్గాలు చాలావరకు ముందు వరుస కోసమే జరుగుతాయని నా అభిప్రాయం, వెనకవాళ్లు ఏదో ఊరేగింపులో నడిచినట్టు కబుర్లు చెప్పుకుంటూ వస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ముందు తేదీ, టైమ్

క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. విభూది బుధవారం పాస్క పండుగకి (ఈస్టర్‌కి) 46 రోజుల ముందు వస్తుంది, మధ్యలో ఆదివారాలు తీసేస్తే 40. 2027 సంవత్సరం తీసుకుంటే విభూది బుధవారం ఫిబ్రవరి 10, అంటే గుణదల మాత ఉత్సవాల మధ్యలో పడుతోంది (విజయవాడలోని గుణదల కొండ దగ్గర ఈ ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11). విజయవాడ చుట్టుపక్కల విచారణల్లో సగం మంది కొండ దగ్గరే ఉంటారు కాబట్టి, వాళ్లు అలసిపోయి తిరిగొచ్చిన మర్నాడే, 12న, మొదటి సిలువ మార్గం పడుతుంది. ఆ వారం మీకు రాకుండా చూసుకోండి, వస్తే మాత్రం గుడి ఆవరణలోనే పెట్టమని ఫాదర్ గారిని అడగండి. మార్చిలో సాధారణంగా పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఉంటాయి. పరీక్ష రాసే పిల్లలున్న ఇంటి ముందు స్పీకర్ ఆపకండి. 2027లో రంజాన్ ఉపవాసాలు కూడా ఇంచుమించు తపస్సు కాలంతో పాటే మొదలవుతాయి. మీ దారిలో మసీదు ఉంటే సూర్యాస్తమయం అప్పుడు, అంటే వాళ్లు ఉపవాసం విడిచే సమయానికి, ఆ వీధిలో లేకుండా దారి మార్చుకోండి. మసీదు కమిటీ వాళ్లతో ముందే ఒక మాట చెప్తే వాళ్లే దారి ఇస్తారు.

సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకి అయిపోవాలి. లెక్క చాలా సులువు: ఒక్కో స్థలం దగ్గర నాలుగు నిమిషాలు, నడకతో కలిపి, అయితే 14 స్థలాలకి 56 నిమిషాలు. అదే ఒక్కోచోట ఏడు నిమిషాలు చేశారంటే గంటన్నర దాటి 98 నిమిషాలు అవుతుంది, పదో స్థలానికే జనం సగం అవుతారు, ముందుగా ఇంటికి వెళ్లిపోయేది ఆ మామ్మ గారే.

దారి

రెండు రోజుల ముందు అదే టైమ్‌కి, అంటే చీకటి పడ్డాక, ఆ దారిలో ఒకసారి నడవండి. పగలు చూస్తే ఏమీ తెలియదు. వీధి లైటు ఎక్కడ వెలగడం లేదో, మురుగు కాలువ మీద బండ ఎక్కడ ఊగుతోందో, ఎవరి గేటు దగ్గర కుక్కని వదిలేస్తారో అప్పుడే తెలుస్తుంది. తపస్సు కాలంలో చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు, అందుకని గాజు పెంకులు, కంకర ఉన్నచోట ఆ రోజు మధ్యాహ్నం ఊడ్పించండి. మొత్తం దూరం అర కిలోమీటరు దాటకపోతే మంచిది. 14 స్థలాలకి 14 ఇళ్లు ఉండాలని రూలేమీ లేదు, ఒకే సందులో ఎదురెదురు గేట్లు రెండు స్థలాలైనా పర్వాలేదు. దారి గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చేలా చూసుకుంటే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు మధ్యలో ఒకచోట కూర్చుని చివర్లో మళ్లీ కలుస్తారు.

మెయిన్ రోడ్డు దాటాల్సి వచ్చినా, మైకు వాడినా, విచారణ లెటర్‌హెడ్ మీద పోలీస్ స్టేషన్‌కి వారం ముందే ఉత్తరం ఇవ్వండి. దారి, మొదలయ్యే టైమ్, అయిపోయే టైమ్, సుమారు ఎంతమంది, బాధ్యుల ఫోన్ నంబర్లు రెండు. అంతే, రెండు పేరాలు చాలు. లౌడ్‌స్పీకర్ రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పెట్టకూడదనేది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. సాయంత్రాలకి దీనితో ఇబ్బంది ఉండదు గానీ పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) తెల్లవారుజామున బయల్దేరే విచారణలు గుర్తుపెట్టుకోవాలి.

స్థలం పెట్టే ఇళ్లు

ప్రతి ఇంటికీ వెళ్లి అడగండి, వాట్సాప్‌లో పెట్టి వదిలేయకండి. గేటు బయట ఒక చిన్న బల్ల, దాని మీద ఊదారంగు గుడ్డ, ఒక సిలువ, స్థలం నంబరు పెద్ద అక్షరాలతో రాసిన అట్ట, రెండు కొవ్వొత్తులు. కొవ్వొత్తుల్ని గాజు గ్లాసుల్లో పెట్టమనండి, లేకపోతే మూడో స్థలానికే అగ్గిపెట్టె కోసం వెతుక్కోవాలి. బొమ్మ ఉంటే పెట్టండి, లేకపోతే ఫర్వాలేదు, స్థలానికి ముఖ్యంగా కావాల్సింది సిలువే.

ఇక్కడ కాస్త నచ్చజెప్పే పని ఉంటుంది. మన ఇంటి ముందుకి సిలువ వస్తోందంటే బంతిపూల దండలు, సీరియల్ లైట్లు, గేటు నిండా మామిడి తోరణం కట్టేయాలనిపిస్తుంది, అది ప్రేమతో చేసేదే. కానీ తపస్సు కాలంలో గుడిలో బలిపీఠానికే పూలు పెట్టరు (నాలుగో ఆదివారానికి, పెద్ద పండుగలకి తప్ప), మరి వీధిలో ఎందుకు? "ఈ పూల డబ్బు కానుకల డబ్బాలో వేయండి అమ్మా" అంటే ఎవరూ కాదనరు. అలాగే తినేవి. ఒక ఇంట్లో టీ ఇస్తే పక్కింట్లో టీ, బిస్కెట్ ఇస్తారు, ఆ పక్కింట్లో పులిహోర పొట్లాలు కడతారు, వచ్చే వారం వాడ వాళ్లు దానికి మించి చేయాలని చూస్తారు, ఇంతలో అద్దె ఇంట్లో ఉండే కుటుంబం "మాకు స్థలం వద్దులెండి" అంటుంది. ఆ మాట వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. కాబట్టి ముందే చెప్పేయండి: ఏ ఇంటి ముందూ ఏమీ పంచకూడదు, చివర్లో యూనిట్ అందరి తరఫున మజ్జిగో రాగి జావో ఇస్తాం.

దానికి బదులు ప్రతి ఇల్లూ పిడికెడు బియ్యం తెచ్చి చివరి స్థలం దగ్గర సంచిలో పోసేలా పెట్టండి. 40 ఇళ్లు వస్తే ఒక కుటుంబానికి కొన్ని రోజుల బియ్యం అవుతాయి. ఎవరికి ఇవ్వాలో ఫాదర్ గారికి, సిస్టర్లకి తెలుసు, మైకులో వాళ్ల పేరు చదవకండి.

పుస్తకం, చదివేవాళ్లు

వీధికి ఏ పుస్తకం వాడాలో ఫాదర్ గారితో మాట్లాడి ఒకటే ఖాయం చేసుకోండి, రెండు రకాల పుస్తకాలు జనం చేతుల్లో ఉంటే జవాబులు కలవవు. 14 స్థలాల వరుస 1731లో 12వ క్లెమెంట్ పోపు గారి కాలంలో స్థిరపడింది. ధ్యానాలు మాత్రం రకరకాలుగా ఉన్నాయి, 18వ శతాబ్దంలో పునీత (సెయింట్) అల్ఫోన్స్ లిగోరి గారు రాసినవి ఇప్పటికీ చాలా దేశాల్లో వాడతారు. 1991లో రెండో జాన్ పాల్ పోపు గారు రోమ్‌లోని కొలోసియం దగ్గర పూర్తిగా సువార్తల్లోని ఘట్టాలతోనే సిలువ మార్గం చేశారు, అందులో గెత్సెమని తోట, పేతురు బొంకడం, మంచి దొంగ వస్తారు, యేసు ముఖం తుడిచిన వెరోనిక, మూడుసార్లు పడిపోవడం ఉండవు. మీ వాడలో లూథరన్, బాప్టిస్ట్ కుటుంబాలు ఎక్కువ ఉంటే ఈ వరుస వాడుకోవడం మంచిది, వాళ్లూ శ్రమల కాలం (తపస్సు కాలానికి వాళ్లు వాడే పేరు) పాటించేవాళ్లే కాబట్టి గేటు దగ్గర నిలబడి మనతో పాటు వింటారు. పాత వరుసే చేస్తుంటే "వెరోనిక బైబిల్లో ఎక్కడుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లేదండి, అది పూర్వం నుంచి భక్తుల్లో వస్తున్న సంప్రదాయం అని చెప్పి ముందుకి నడవండి. రోడ్డు మీద వాదన పెట్టుకునే సమయం కాదు.

14 స్థలాలకి 14 మంది చదవాలి. ఒకే మంచి గొంతు మొత్తం చదివితే వినడానికి బాగుంటుంది గానీ అది కచేరీలాగా తయారవుతుంది. ఎవరికి ఏది ఇవ్వాలన్నది ఆలోచించి ఇవ్వండి. యేసుకి సిలువ మోయడంలో సాయపడ్డ కురేనియ సీమోను స్థలం మార్కెట్‌లో బస్తాలు మోసే ఆయనకి ఇవ్వండి. తల్లి ఎదురైన నాలుగో స్థలం ఒక తల్లికి. యెరూషలేము స్త్రీల స్థలం యువతుల గుంపులో ఒకరికి. చదువు రాని పెద్దవాళ్లని పక్కన పెట్టకండి, పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం వాళ్లకి మనకన్నా బాగా వచ్చు, ధ్యానం ఒకరు చదివితే జపం వాళ్లు మొదలుపెడతారు.

గురువారం సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి ఒక్కసారి పైకి చదివించండి. మన ప్రార్థన పుస్తకాల్లో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, "అనుగ్రహించితిరి", "మోయుచున్నారు" లాంటి మాటల దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టించండి. ధ్యానం ఒక నిమిషం దాటితే సగానికి తగ్గించండి, ఎవరూ బాధపడరు. సొంతంగా ప్రార్థన చెప్తానని ఉత్సాహపడేవాళ్లు ప్రతి యూనిట్‌లో ఒకరుంటారు, ఆయనకి సిలువ పట్టుకునే బాధ్యత ఇవ్వండి.

మైకు

అన్నిటికన్నా ఇక్కడే తేడా వస్తుంది. చక్రాలున్న ట్రాలీ స్పీకర్‌ని అందరూ సిలువ పక్కనే ముందు పెడతారు. అలా కాదు, జనం మధ్యలో పెట్టండి. ముందున్నవాళ్లకి చదివేవాళ్ల గొంతు ఎలాగూ వినిపిస్తుంది, వెనకవాళ్లకి స్పీకర్ దగ్గరవుతుంది. ముందు మాత్రమే ఉంటే ఏమవుతుందంటే, ముందువాళ్లు మంగళవార్త జపం రెండో సగంలో ఉండగా వెనకవాళ్లు ఇంకా మొదటి సగం దగ్గరే ఉంటారు, రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడి ఏదీ అర్థం కాదు, మెల్లగా వెనకవాళ్లు నోరు మూసుకుంటారు. ఒక అబ్బాయిని చివర నిలబెట్టి, మాట వినపడితే చెయ్యెత్తమనండి. ప్రతి స్థలం దగ్గరా చదివేవాళ్లు ఆ చెయ్యి చూశాకే మొదలుపెట్టాలి. చివర వాళ్లు వచ్చి నిలబడకుండా చదవడం మొదలుపెట్టడమనేది మన దగ్గర మహా అలవాటు, దాన్ని ఈ చెయ్యి ఒక్కటే ఆపుతుంది.

స్పీకర్ మధ్యాహ్నం నుంచే ఛార్జింగ్ పెట్టండి, కార్డ్‌లెస్ మైకుకి కొత్త సెల్స్, జేబులో ఇంకో జత. ఆటోలో పెట్టి తీసుకెళ్తే ఇంజన్ చప్పుడు జపాన్ని మింగేస్తుంది, తోపుడు బండి మేలు.

పాటలు: ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి నడిచేటప్పుడు ఒక్క చరణం, అందరికీ నోటికొచ్చిన శ్రమల పాటే. క్వైర్ వాళ్లు కొత్త పాట నేర్చుకుని ఉంటారు, దాన్ని ఆదివారం పూజకి దాచమనండి. తపస్సు కాలంలో వాయిద్యాలు గొంతుకి తోడుగా మాత్రమే ఉండాలన్నది తిరుసభ (కతోలిక సంఘం) నియమం కాబట్టి కీబోర్డు ఇంట్లోనే ఉంచి, కావాలంటే తాళాలు తీసుకెళ్లండి.

సిలువ, మోకరించడం, మౌనం

ఎనిమిది అడుగుల సిలువ చేయించకండి. సందుల్లో కేబుల్ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు వేలాడుతుంటాయి, నిలువుగా ఎత్తితే తగులుతాయి, కరెంటు తీగ కూడా ఉండొచ్చు. ఐదడుగుల తేలికపాటి కర్ర సిలువ చాలు, భుజాన పెట్టుకుని నడవాలి, ప్రతి స్థలానికీ మనిషి మారాలి. పిల్లలు మాకూ కావాలంటారు, ఇవ్వండి, కింది కొస ఒక పెద్దవాళ్లు పట్టుకుంటే చాలు.

స్థలం పేరు చదవగానే మోకాలు వంచడం అలవాటు. రోడ్డు మీద పెద్దవాళ్లు నిలబడి తల వంచితే సరిపోతుంది, మైకులోనే ఆ మాట మొదట్లో ఒకసారి చెప్పండి, లేకపోతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పక్కవాళ్లని చూసి మొహమాటానికి కూర్చుని లేవలేక ఇబ్బంది పడతారు. పన్నెండో స్థలం దగ్గర, యేసు ప్రాణం విడిచారని చదివాక, ఆపేయండి. పాట వద్దు, జపం వద్దు, "ప్రియమైన సహోదరీ సహోదరులారా" అస్సలు వద్దు. మనసులో నెమ్మదిగా 30 లెక్కపెట్టుకునేంతసేపు. ఆ 30 లోపే క్వైర్‌లో ఎవరో శ్రుతి అందుకుంటారు, అందుకే వాళ్లకి ముందే గట్టిగా చెప్పి ఉంచండి.

ఫాదర్ గారు వస్తే మంచిదే, రాకపోయినా సిలువ మార్గం ఆగక్కర్లేదు, విశ్వాసులు నడిపించవచ్చు. నిజానికి ఆ గంట ఆయన గుడిలో పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినడానికి కూర్చుంటే ఇంకా మంచిదని నేనంటాను, ఎందుకంటే మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) దాటాక అందరూ ఒకేసారి వస్తారు, ఆ వరుసలో నిలబడలేక కొందరు వెనక్కి వెళ్లిపోతారు.

తిండి, ఉపవాసం గురించి అడిగితే

యూనిట్ పెద్ద మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతారు. శుక్రవారం మాంసం మానడం 14 ఏళ్లు నిండిన అందరికీ. చేపలు, గుడ్లు, పాలు తినొచ్చు. ఉపవాసం తప్పనిసరి అయ్యేది రెండు రోజులే, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం, అదీ 18 నిండినప్పటి నుంచి 59 నిండేవరకు: ఒక పూట నిండుగా భోజనం, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం, ఆ రెండూ కలిపినా ఒక భోజనం కాకూడదు. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు, జబ్బు పడ్డవాళ్లు ఉపవాసం చేయక్కర్లేదు, చేయకూడదు కూడా. మంచినీళ్లతో ఉపవాసం పోదు. 2027లో ఒక విశేషం ఉంది: మార్చి 19, పునీత జోజప్ప (సెయింట్ జోసఫ్) గారి మహోత్సవం, అంటే తిరుసభలో పెద్ద స్థాయి పండుగ, శుక్రవారమే వచ్చింది, మహోత్సవం పడిన శుక్రవారం మాంసం మానే నియమం వర్తించదు. "తినొచ్చా ఫాదర్" అని ఆ వారం అందరూ అడుగుతారు, తినొచ్చు. సిలువ మార్గం మాత్రం ఉంటుంది.

పవిత్ర శుక్రవారం వేరే లెక్క

ఆ రోజు విచారణ మొత్తం కలిసి పెద్ద సిలువ మార్గం చేస్తుంది, చాలాచోట్ల యువత వేషాలు వేసి రోమా సైనికులు, పిలాతు, శిష్యులతో సజీవంగా నడిపిస్తారు. 2027లో అది మార్చి 26, కొన్నేళ్లు ఏప్రిల్ మూడో వారం దాకా వెళ్తుంది, ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉదయం ఆరున్నరకి బయల్దేరి తొమ్మిదిలోపు ముగించండి. ఖాళీ కడుపు, ఒట్టికాళ్లు, తారు రోడ్డు, ఈ మూడూ కలిసినచోట కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు, ప్రతి మూడు స్థలాలకీ నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక నర్సు సిస్టర్ లేదా విచారణలో ఉన్న నర్సు ఎవరైనా పక్కనే నడవాలి. రోడ్డు ఒక వైపే వాడండి, తాడు పట్టుకుని వాలంటీర్లు, అంబులెన్స్ వస్తే ఎటు తప్పుకోవాలో ముందే చెప్పి ఉంచండి.

సజీవ సిలువ మార్గంలో కొరడా తాడుదే ఉండాలి, తోలుది వద్దు. యేసు పాత్ర వేసే అబ్బాయి ఉపవాసం పేరుతో నీళ్లు మానేస్తానంటాడు, ఒప్పుకోకండి. డైలాగులు తగ్గించండి. సైనికుల అరుపులకి జనం నవ్వే పరిస్థితి వచ్చిందంటే అది నాటకమైపోయినట్టే.

మధ్యాహ్నం 3 గంటలకి గుడిలో అసలైన ఆరాధన ఉంటుంది: యోహాను సువార్త నుంచి శ్రమల పఠనం, విశ్వాసుల మహా ప్రార్థనలు, సిలువ ఆరాధన, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్). ఆ రోజు పూజ ఉండదు. ఉదయం సిలువ మార్గంలో అలసిపోయి దీనికి రానివాళ్లు ఎంతమందో. ఉదయం కార్యక్రమాన్ని ఎంత చిన్నగా చేస్తే మధ్యాహ్నం గుడి అంత నిండుతుంది. అక్కడ తీసే కానుక పవిత్ర భూమిలోని క్రైస్తవుల కోసం వెళ్తుంది, ఆ సంగతి ఉదయమే మైకులో ఒక్కసారి చెప్పండి.

అయిపోయాక

జనం మజ్జిగ తాగుతుండగానే ఇద్దరు వెనక్కి నడిచి 14 గేట్ల దగ్గరా అట్టలు, గుడ్డలు, గ్లాసులు తీసుకురావాలి. కాగితం గ్లాసులు, కొవ్వొత్తి మైనం రోడ్డు మీద వదలకండి, పొద్దున్నే ఊడ్చేది మున్సిపాలిటీ వాళ్లు, క్రైస్తవులు కాని పొరుగువాళ్లు చూస్తారు కూడా. వాళ్లలో చాలామంది ఆ సాయంత్రం బండ్లు పక్కకి తీసి, గేటు లైటు వేసి ఉంచుతారు, మర్నాడు కనపడినప్పుడు థాంక్స్ చెప్పండి.

ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి: ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయింది, ఏ మలుపు దగ్గర జనం ఇరుక్కున్నారు, ఏ ఇంటివాళ్లు వచ్చే ఏడాది స్థలం అడిగారు, ఎన్ని పుస్తకాలు తిరిగొచ్చాయి. ఆదివారం పూజ తర్వాత ఆ నోటు పుస్తకం, సిలువ, అట్టలు, స్పీకర్ వచ్చే శుక్రవారం నడిపించబోయే యూనిట్ పెద్దకి అప్పజెప్పండి. స్పీకర్‌తో పాటు ఛార్జర్ కూడా.